తిని చూడు, తబెతె మిరు: పైథాన్, జపనీస్ కలిపి నేర్చుకునేవాళ్ళ కోసం

హోస్ట్: నమస్కారం. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్న విద్యార్థి ఒక పక్క పైథాన్, ఇంకో పక్క జపనీస్ మొదలుపెడితే ఎక్కడెక్కడ ఇరుక్కుంటాడు, ఎలా బయటపడాలి, ఇవాళ మాట్లాడుకునేదంతా దాని గురించే. జపనీస్ పాఠాలు చెప్పే మేడమ్ మనతో ఉన్నారు. ప్రోగ్రామింగ్ సంగతులు నేను చూసుకుంటాను. మేడమ్, ఇన్ని భాషలుండగా జపనీసే ఎందుకంటారు?

అతిథి: నమస్తే అండీ. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి. ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ కట్టడానికి జపాన్ సంస్థ జైకా ఋణసాయం చేసింది. కాబట్టి మన పిల్లలకి ఆ దేశం మరీ పరాయిదేం కాదు. కానీ అసలు కారణం అది కాదండీ. తెలుగు మాట్లాడేవాళ్ళకి జపనీస్ వాక్యం కట్టడం సగం ముందే వచ్చు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో ఇంగ్లీష్ మీదుగా చుట్టుతిరిగి వెళ్ళి అలసిపోతున్నారు.

హోస్ట్: అయితే మొదటి రోజు నుంచే వద్దాం. లిపి.

అతిథి: జపనీస్‌లో హిరగన, కతకన అని రెండు అక్షరమాలలు. హిరగన 46 అక్షరాలు, కతకన 46. రోజుకి రెండు వరుసలు, అంటే పది చొప్పున రాస్తే ఐదు రోజుల్లో హిరగన అవుతుంది. ఈ అక్షరాల వరుస చూడండి. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాలలో క, చ, ట, త, ప, ఆపైన య, ర, ల, వ ఉన్నట్టే లేదూ? జపాన్‌లో బౌద్ధ భిక్షువులు 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో సంస్కృతం చదువుకున్నారు. ఈ వరుస అక్కడి నుంచి వచ్చింది. 'హ' వరుస ఒకప్పుడు 'ప' అని పలికేది, అందుకే 'న' తర్వాత, 'మ' కంటే ముందు కూర్చుంది. నిఘంటువు తెరిచి మాట వెతకాలంటే ఈ వరుస కావాలి. మనవాళ్ళకి అది కొత్తగా బట్టీ పట్టే పని కాదు.

హోస్ట్: గుణింతాల్లాగా ఉంటాయా?

అతిథి: శబ్దంలో గుణింతమే, ఆకారంలో కాదు. 'క'కి గుడి పెడితే 'కి' రాదు. 'క' ఒక బొమ్మ, 'కి' ఇంకో బొమ్మ. కతకనలో అయితే 'షి', 'త్సు' కవల పిల్లల్లా ఉంటాయి. 'న్', 'సొ' కూడా అంతే. చూసి గుర్తుపెట్టుకోబోతే ఎప్పటికీ తికమకే. గీత గీసే దిక్కు పట్టుకోవాలి. 'షి', 'న్' లలో పెద్ద గీత కింద నుంచి పైకి వెళ్తుంది. 'త్సు', 'సొ' లలో పై నుంచి కిందకి దిగుతుంది. చేత్తో ఇరవై సార్లు రాస్తే కంటికి కూడా తేడా తెలిసిపోతుంది.

హోస్ట్: చాలామంది రోమన్ అక్షరాల్లోనే నోట్స్ రాసుకుంటారు కదా?

అతిథి: నేను గట్టిగా వద్దనేది అదే. కె, ఐ, టి, ఇ అని కనబడగానే పిల్లలు 'కైట్' అని చదివేస్తారు. అది 'కితె'. టి, ఎ, కె, ఇ కనబడితే 'టేక్' అంటారు. అది 'తకె', వెదురు. హిరగన వచ్చేవరకు తోడు కావాలంటే తెలుగు లిపిలో రాసుకోండి. కితె, కిత్తె, కీతె, ఈ మూడూ జపనీస్‌లో మూడు వేరే మాటలు. 'వచ్చి', 'కోసి', 'విని'. హ్రస్వం, ఒత్తు, దీర్ఘం. తెలుగులో కను, కన్ను, కాను అన్నట్టే. ఇంగ్లీష్ చెవికి ఈ తేడా పట్టుకోవడం పెద్ద కష్టం. మనం పుట్టిన దగ్గర్నుంచి ఇదే వింటున్నాం.

హోస్ట్: సున్న గురించి కూడా చెప్పాలి మీరు.

అతిథి: అయ్యో, అది వదిలేస్తానా! హిరగనలో 'న్' అని ఒక అక్షరం ఉంది. 'సంపొ' అంటే నడక, అక్కడ మకారంలా పలుకుతుంది. 'తెంకి' అంటే వాతావరణం, అక్కడ కంఠం నుంచి వస్తుంది. 'కంతన్' అంటే సులువు, అక్కడ నకారం. రాసేది మాత్రం ఒకే అక్షరం. మనం అంబ, అంకె, అంత అని మూడు రకాలుగా పలుకుతూ ఒక్క సున్నతో రాయడం లేదూ? అచ్చం అదే. ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. ఆ సున్న తర్వాత అచ్చు వస్తే కలపకూడదు. 'కిన్‌ఎన్' అంటే పొగతాగరాదు, 'కినెన్' అంటే స్మారకం. కీబోర్డ్ మీద టైప్ చేసేటప్పుడు కూడా ఆ అక్షరానికి ఎన్ రెండు సార్లు కొట్టాలి. ఒకసారి కొడితే తర్వాతి అచ్చుతో కలిసిపోయి 'నె' అయి కూర్చుంటుంది.

హోస్ట్: ఉచ్చారణలో ఇంకేమైనా?

అతిథి: తకారం పళ్ళకి తగలాలి, 'ట' వద్దు. తోక్యో, టోక్యో కాదు. 'త్సు' రావట్లేదని కొందరు దిగులుపడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు 'చుక్క', 'చాప' అనేటప్పుడు ఆ 'చ' వినండి, 'చీమ'లో చకారం కాదది. ఆ దంత్య చకారమే 'త్సు'. మనం సునామీ అంటున్న మాట అసలు ఆ అక్షరంతోనే మొదలవుతుంది, మన దగ్గరికొచ్చేసరికి ముందున్న తకారం రాలిపోయింది. 'దెసు' అని రాసి ఉన్నా 'దెస్' అంటే చాలు, చివరి ఉకారం దాదాపు వినబడదు.

హోస్ట్: వాక్యానికి వద్దాం. వ్యాకరణం సగం వచ్చని అన్నారు.

అతిథి: 'నేను నిన్న కొన్న పుస్తకం' అనండి. జపనీస్‌లో 'వతషి గ కినో కత్త హొన్'. నేను, నిన్న, కొన్న, పుస్తకం. మాట వెనక మాట అదే వరుస. ఇంగ్లీష్ మీదుగా వెళ్తే పుస్తకం ముందుకొచ్చి, 'ఏదైతే నేను కొన్నానో' అని వెనక్కి నడవాలి. విభక్తులూ అంతే. 'ఒ' అంటే ని, ను. 'ని' అంటే కి, కు. 'కర' అంటే నుంచి, 'మదె' అంటే వరకు. 'మొ' అంటే మనం 'నేనూ' అని సాగదీసే దీర్ఘం. 'క' అంటే 'వస్తావా'లో చివరి ఆ. 'తొ' అంటే తో. 'వస్తానని అన్నాడు'లో ఉన్న 'అని' కూడా అదే 'తొ'. ఇంకో తమాషా. 'దరె' అంటే ఎవరు. 'దరెక' అంటే ఎవరో. 'దరెమొ' అని చివర 'లేదు' పెడితే ఎవరూ లేరు. ఎవరు, ఎవరో, ఎవరూ! ఒక మాటకి తోక మార్చి మనం చేసే పనే వాళ్ళూ చేస్తున్నారు.

హోస్ట్: మరి తెలుగు తప్పుదోవ పట్టించే చోట్లు?

అతిథి: ఉన్నాయి, అవి ముందే తెలిస్తే మంచిది. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో తింటాను', రెంటికీ మనం 'లో' అంటాం. జపనీస్‌లో ఉండటానికి 'ని', పని చేయడానికి 'దె'. 'ఉచి ని ఇమస్', 'ఉచి దె తబెమస్'. మన పిల్లలు అన్నిటికీ 'దె' వేసేస్తారు. రెండోది, 'నాకు కాఫీ ఇష్టం'. ఈ 'కు'ని చూసి 'వతషి ని' అని మొదలుపెడతారు. అది తప్పు. 'వతషి వ కోహీ గ స్కి దెస్'. తలనొప్పికీ అంతే, 'వతషి వ అతమ గ ఇతై'. ఇక 'వ'కీ 'గ'కీ తేడా ఉందే, దానికి తెలుగులో సాటి ప్రత్యయం లేదు. 'వ' మాట దేని గురించో చెబుతుంది, 'గ' ఆ పని ఎవరిదో, ఏదో వేలుపెట్టి చూపిస్తుంది. 'ఎవరు వచ్చారు' అని అడిగేటప్పుడు 'దరె గ' అనే అడగాలి, జవాబూ 'గ'తోనే రావాలి. ఈ ఒక్క నియమం మొదటి ఆర్నెల్లు చాలు.

హోస్ట్: ఇప్పుడు ఇవాళ్టి అసలు పనికొద్దాం. 'తె' రూపం. ముందు అదేంటో చెప్పండి, తర్వాత దాన్నే పైథాన్‌లో రాద్దాం.

అతిథి: 'లేచి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, బయల్దేరాను.' చిన్నప్పుడు వ్యాకరణంలో క్త్వార్థకం అని చదువుకున్నాం. లేచి, కడుక్కుని, తాగి. జపనీస్‌లో 'ఒకితె, కఒ ఒ అరత్తె, కోహీ ఒ నొందె, దెకకెమషిత'. చివరి క్రియకే కాలం, ముందున్నవన్నీ 'తె' రూపంలో. దీనికి ఇంకో క్రియ తగిలిస్తే మరీ బాగుంటుంది. 'తబెతె మిరు'. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. తిని చూడు! రుచి చూసేదీ, ప్రయత్నించేదీ కంటితో చూడటంతో చెప్పడం మనకీ వాళ్ళకీ ఒకటే. 'మొత్తె కురు' అంటే పట్టుకుని వచ్చు, అంటే తెచ్చు. ఇంగ్లీష్ పుస్తకాల్లో ఈ పాఠానికి బోలెడు పేజీలు పడతాయి. తెలుగు పిల్లలకి 'ఇది క్త్వార్థకం' అంటే అర్థం వైపు పని అయిపోతుంది. మిగిలింది రూపం ఎలా కట్టాలన్నదే.

హోస్ట్: ఆ కట్టడం నియమాలతో ఉంది కాబట్టి ప్రోగ్రాం రాయడానికి దీన్ని మించిన అభ్యాసం లేదు. నియమాలు చెప్పండి.

అతిథి: క్రియలు మూడు గుంపులు. రెండో గుంపు తేలిక. చివరి 'రు' తీసేసి 'తె' పెట్టాలి. తబెరు, తబెతె. మిరు, మితె. మొదటి గుంపులో చివరి అక్షరాన్ని బట్టి మారుతుంది. ఉ, త్సు, రు ఉంటే 'త్తె'. కౌ, కత్తె. మత్సు, మత్తె. తొరు, తొత్తె. ము, బు, ను ఉంటే 'న్దె'. నొము, నొందె. అసొబు, అసొందె. షిను, షిందె. కు ఉంటే 'ఇతె', కకు, కఇతె. గు ఉంటే 'ఇదె', ఒయొగు, ఒయొఇదె. సు ఉంటే 'షితె', హనసు, హనషితె. మూడో గుంపులో రెండే. సురు, షితె. కురు, కితె. మొదటి గుంపులో ఒక్క మినహాయింపు ఉంది. ఇకు అంటే వెళ్ళు. నియమం ప్రకారం 'ఇఇతె' రావాలి, కానీ 'ఇత్తె' అంటారు.

హోస్ట్: వినేవాళ్ళు ఇప్పుడే ల్యాప్‌టాప్ తెరవొద్దు. ముందు కాగితం మీద తెలుగులో రాయండి. 'మాట తీసుకో. గుంపు తీసుకో. ఇకు అయితే ఇత్తె ఇచ్చెయ్. గుంపు మూడైతే ఇది చెయ్, రెండైతే ఇది చెయ్. కాకపోతే చివరి అక్షరం చూసి పట్టికలో వెతుకు.' ఈ ఐదు ముక్కలు తెలుగులో రాయలేకపోతే పైథాన్‌లోనూ రాయలేరు. సింటాక్స్ రాక ఆగిపోయామని చాలామంది అనుకుంటారు గానీ, చాలాసార్లు ఆగేది ఇక్కడే.

అతిథి: పట్టిక అంటే?

హోస్ట్: పైథాన్‌లో డిక్షనరీ అంటారు. ఎడమ పక్క చివరి అక్షరం, కుడి పక్క దాని బదులు రావాల్సింది. తొమ్మిది వరుసలు, అంతే. తొమ్మిది ఇఫ్‌లు రాయొద్దు. మాట చివరి అక్షరం కావాలంటే చదరపు బ్రాకెట్‌లో మైనస్ 1. చివరిది తప్ప మిగతాదంతా కావాలంటే కోలన్ మైనస్ 1. ఆ మిగతాదానికి పట్టికలో దొరికింది అతికిస్తే 'తె' రూపం వచ్చేస్తుంది. నొములో 'ము' పోయి 'నొ' మిగిలింది, 'న్దె' అతికింది. ఇకు పరీక్ష మాత్రం పట్టిక కంటే ముందుండాలి. కింద పెడితే 'కు' నియమం ముందే పనిచేసేసి ఇఇతె ఇచ్చేస్తుంది.

అతిథి: గుంపు నంబర్ విడిగా ఎందుకు? మాట చూసి ప్రోగ్రామే కనిపెట్టలేదా?

హోస్ట్: అందరూ మొదట అలాగే రాస్తారు. 'ఇరు', 'ఎరు' శబ్దంతో ముగిస్తే రెండో గుంపు అని. ఎక్కడ విరుగుతుందో మీరే చెప్పండి.

అతిథి: కిరు దగ్గర. కోయడం అనే కిరు మొదటి గుంపు, కిత్తె. బట్టలు తొడుక్కోవడం అనే కిరు రెండో గుంపు, కితె. హిరగనలో రెండూ ఒకేలా రాస్తారు. కఎరు కూడా అంతే. ఇంటికి తిరిగి వెళ్ళడమైతే కఎత్తె, మార్చడమైతే కఎతె.

హోస్ట్: చూశారా, మాటలో లేని సమాచారాన్ని ప్రోగ్రాం ఎక్కడి నుంచి తెస్తుంది? కోడ్ ఎంత తెలివిగా రాసినా రాదు. డేటాలోనే ఉండాలి. మూడో గుంపుతోనూ ఇదే గొడవ. 'బెంక్యో సురు' అంటే చదువుకోవడం, కాబట్టి 'సురు'తో ముగిసే మాటలన్నీ కలిసిరావాలని ఎండ్స్‌విత్ వాడతారు. సురుకి పర్లేదనిపిస్తుంది. కురుకి కూడా అదే పెడతారు. అప్పుడు 'త్సుకురు' పట్టుబడుతుంది.

అతిథి: తయారుచేయడం. అది మొదటి గుంపు, త్సుకుత్తె రావాలి.

హోస్ట్: ప్రోగ్రాం 'త్సుకితె' అంటుంది. ఎర్రర్ రాదు, ఏమీ రాదు, చక్కగా తప్పు చెబుతుంది. అందుకే ప్రతి మాట పక్కన 1, 2, 3 రాసుకోండి. ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఆ నంబర్‌ని ఇన్‌పుట్‌తో అడిగినా, సీఎస్‌వీ ఫైల్ నుంచి చదివినా పైథాన్‌కి అందేది అంకె కాదు, అక్షరం. కోట్స్‌లో ఉన్న 2. దాన్ని అంకె 2తో పోల్చితే ఎప్పుడూ ఫాల్సే. రెండో గుంపు పరీక్ష దాటిపోయి ఎల్స్‌లో పడుతుంది, తబెరు కాస్తా 'తబెత్తె' అవుతుంది. రెండో గుంపు మాటలన్నీ ఇలా ఒత్తుతో వస్తున్నాయంటే నియమాల్లో వెతకొద్దు, ఇంట్‌తో అంకెగా మార్చారా లేదా చూడండి.

అతిథి: ఎర్రర్ వచ్చినప్పుడు పిల్లలు ఆ ఎర్రటి లైన్లు చూసి బెదిరిపోతారు.

హోస్ట్: పై నుంచి చదువుతారు, అదీ ఇబ్బంది. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉన్నట్టే ట్రేస్‌బ్యాక్‌లో అసలు సంగతి చివరి లైన్‌లో ఉంటుంది. అది చదివి, దాని పైన లైన్ నంబర్ చూడండి. ఈ ప్రోగ్రాంలో ఎక్కువగా వచ్చేది కీఎర్రర్, అంటే పట్టికలో ఆ అక్షరం లేదని. కోలన్ పక్కన ఏ అక్షరం లేదో చూపిస్తుంది. అక్కడ కోట్స్ మధ్య ఖాళీ కనబడితే మాట చివర స్పేస్ ఉందన్నమాట. మామూలు ప్రింట్‌లో అది కనబడదు, రెప్ర్‌తో ప్రింట్ చేస్తే బయటపడుతుంది. జపనీస్ కీబోర్డ్ కొట్టే స్పేస్ ఇంకా వెడల్పుగా ఉంటుంది, యూ ప్లస్ 3000 అని దాని నంబర్. మాట అంచుల్లో స్పేస్‌లు తీసేసే స్ట్రిప్ వాడితే రెండు రకాలూ పోతాయి.

అతిథి: కోడ్‌లోనే ఆ వెడల్పు స్పేస్ పడితే?

హోస్ట్: సింటాక్స్ ఎర్రర్. చూడటానికి లైన్ బాగానే ఉంటుంది, అందుకే గంటలు పోతాయి. జపనీస్ కీబోర్డ్ ఆన్‌లో ఉండగా బ్రాకెట్ కొట్టినా అంతే, వెడల్పు బ్రాకెట్ పడుతుంది. ఎర్రర్‌లో 'ఇన్‌వాలిడ్ క్యారెక్టర్' అని నంబర్‌తో సహా ఉంటే కోడ్ తర్కంలో వెతకొద్దు, ఆ అక్షరాన్ని చెరిపి ఇంగ్లీష్ కీబోర్డ్‌తో మళ్ళీ కొట్టండి. వాట్సాప్ నుంచో వర్డ్ ఫైల్ నుంచో కోడ్ కాపీ చేస్తే వంకర కోట్స్ వస్తాయి, అవీ ఇదే జాతి.

అతిథి: ఒక్కోసారి ఒయొగు మాట కళ్ళకి సరిగ్గానే కనబడుతూ ప్రోగ్రాంలో మాత్రం కీఎర్రర్ ఇస్తుంది కదా, అదెందుకు?

హోస్ట్: మంచి ప్రశ్న. 'గు' అంటే 'కు' మీద రెండు చిన్న గీతలు. యూనికోడ్‌లో 'గు'ని ఒకే అక్షరంగా రాయొచ్చు, లేదా 'కు' రాసి ఆ గీతల్ని విడిగా తగిలించొచ్చు. తెర మీద రెండూ ఒకటే. పైథాన్‌కి మాత్రం వేరు. రెండో రకంలో చివరి అక్షరం ఆ గీతలే అవుతాయి, పట్టికలో గీతలు ఎక్కడున్నాయి? మాట పొడవు చెప్పే లెన్ వేసి చూడండి. ఒయొగుకి 3 రావాలి. 4 వచ్చిందంటే విడివిడిగా ఉందన్నమాట. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, దానికి ఎన్ఎఫ్‌సీ అని చెప్పి మాట ఇస్తే కలిపేస్తుంది. మాట లోపలికి రాగానే స్ట్రిప్, నార్మలైజ్, ఈ రెండూ చేసేస్తే తర్వాత నిశ్చింత.

అతిథి: తెలుగుకీ ఇలాంటిది ఉంటుందా?

హోస్ట్: ఇంకా బాగా ఉంటుంది. 'తెలుగు' అనే మాటకి లెన్ వేస్తే 3 కాదు, 6. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. గుణింతపు గుర్తులు విడి అక్షరాలు. దీంతో ఒక ముచ్చటైన పని చేయొచ్చు. 'తిను' మాటకి కోలన్ మైనస్ 1 వేయండి. పోయేది 'ను' కాదు, కొమ్ము ఒక్కటే. 'తిన' మిగులుతుంది. దానికి గుడి అతికించండి. 'తిని'! తాగు, తాగి. వచ్చు, వచ్చి. కొను, కొని. తెలుగు క్త్వార్థకం ప్రోగ్రాం ఒక్క లైన్.

అతిథి: 'చేయు' ఇస్తే?

హోస్ట్: 'చేయి' వస్తుంది. చెయ్యీ కాలూ చేయి! రావాల్సింది 'చేసి'. 'పోవు' ఇస్తే 'పోవి', రావాల్సింది 'పోయి'. కాబట్టి మనకీ మినహాయింపుల పట్టిక కావాలి. జపనీస్‌లో మినహాయింపులు ఎందుకని విసుక్కునేవాళ్ళు ఈ ఒక్క ప్రోగ్రాం రాస్తే, సొంత భాషలో ఎన్ని మినహాయింపులు తెలియకుండానే మోస్తున్నారో అర్థమవుతుంది.

అతిథి: ఈ ప్రోగ్రాం పూర్తయ్యాక దాన్ని చదువుకి వాడుకోవాలి కదా. మాటలు గుర్తుపెట్టుకోవడానికి వాడే ఆంకీ యాప్ కోసం కార్డులు తయారుచేయించండి.

హోస్ట్: కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఆంకీ ఉచితం. ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైన్‌కి ఒక కార్డు, ప్రశ్నకీ జవాబుకీ మధ్య ట్యాబ్, ఇలా రాస్తే నేరుగా తీసుకుంటుంది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ యూటీఎఫ్ 8 అని తప్పకుండా రాయాలి. విండోస్‌లో అది రాయకపోతే చాలాసార్లు పాత ఎన్‌కోడింగ్ తీసుకుని 'చార్‌మ్యాప్' అనే మాటతో ఎర్రర్ ఇస్తుంది. ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరవాలనుకుంటే యూటీఎఫ్ 8 సిగ్ అనండి, లేకపోతే తెలుగు, జపనీస్ రెండూ చెత్త గుర్తులుగా కనబడతాయి. ఆంకీలో ఇంకో మెలిక. మొదటి గడిలో ఉన్నది ఇంతకుముందే ఉంటే కొత్త కార్డు చేయదు, పాతదాని మీదే రాసేస్తుంది. ఒక కిరు ఉండగా ఇంకో కిరు ఇస్తే ఒకటే మిగులుతుంది.

అతిథి: అందుకే మొదటి గడిలో తెలుగు పెట్టమంటాను. 'కోసి', 'తొడుక్కుని'. అవతల 'కిత్తె', 'కితె'. గొడవే లేదు. పైగా తెలుగు చూసి జపనీస్ చెప్పడమే అసలు పరీక్ష. జపనీస్ చూసి అర్థం గుర్తుపట్టడం తేలిక, వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. నోరు తెరిస్తే రాదు.

హోస్ట్: కోడ్‌కీ అదే తంతు. వీడియో చూస్తుంటే ప్రతి లైనూ అర్థమవుతుంది, ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి కదలదు. వీడియో ఆపి, మూసి, పది నిమిషాల తర్వాత గుర్తున్నంత మేర రాయాలి. ఆగిన చోట మాత్రమే వెనక్కి వెళ్ళి చూడాలి.

అతిథి: కొత్త కార్డులు రోజుకి 10 చాలు. ఆంకీ తనంతట తాను 20 ఇస్తుంది, ఉత్సాహంలో అలాగే ఉంచేస్తారు. పాతవి తిరిగి వచ్చి పోగుపడతాయి. నెల తిరిగేసరికి రోజూ నూరు దాటి చూడాల్సి వస్తుంది, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఒక వారం వదిలేస్తే మళ్ళీ తెరవరు. పరీక్షల వారంలో కొత్తవి సున్నా పెట్టి పాతవి మాత్రం చూడాలి.

హోస్ట్: జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్ష గురించి రెండు మాటలు.

అతిథి: ఎన్5 నుంచి ఎన్1 వరకు ఐదు మెట్లు, ఎన్5 అన్నిటికంటే తేలిక. జూలైలో, డిసెంబర్‌లో మొదటి ఆదివారం. దరఖాస్తు నెలల ముందే ముగుస్తుంది, అది చూసుకోవాలి. ఎన్5 మొత్తం 180 మార్కులు, 80 వస్తే పాస్. కానీ వినడంలో 60కి కనీసం 19, మిగతా 120కి కనీసం 38 విడివిడిగా రావాలి. మొత్తం 100 వచ్చినా వినడంలో 18 అయితే ఫెయిలే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. పాత పరీక్షలో అన్నిటికంటే తేలిక మెట్టుకి సుమారు 100 కాంజీ, అంటే చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు, 800 మాటలు అని లెక్క ఉండేది. 2010లో పరీక్ష మారాక అధికారిక జాబితా ఇవ్వడం మానేశారు. ఇంకోటి, ఇందులో మాట్లాడటం లేదు, రాయడం లేదు, అన్నీ బిట్లే. కాబట్టి నోటికి అలవాటు విడిగా చేసుకోవాలి. అర నిమిషం ఆడియో తీసుకుని, మాట వెనకే మాట కలిపి పదిసార్లు అనడం. కొత్త ఆడియో రోజూ వద్దు, ఒక్కటే వారమంతా.

హోస్ట్: సరే, వినేవాళ్ళకి ఇంటిపని. 'తె' ప్రోగ్రాం రాశాక తొమ్మిది ముగింపులకి తొమ్మిది మాటలు, ఇకు, సురు, కురు, త్సుకురు, కిరు రెండు రకాలు, మొత్తం 15 మాటలకి జవాబులు ముందే రాసిపెట్టుకుని, జవాబు కలవకపోతే ఎర్రర్ ఇచ్చే అసర్ట్‌తో పరీక్షించండి. కోడ్‌లో ఏది మార్చినా ఆ పదిహేనూ మళ్ళీ నడపాలి. ఆ తర్వాత?

అతిథి: తర్వాత 'నై' రూపం, అంటే లేదనే రూపం. పట్టిక మళ్ళీ తొమ్మిది వరుసలే. నొము, నొమనై. కకు, కకనై. మత్సు, మతనై. ఉకారం అకారమవుతుంది. రెండో గుంపులో 'రు' తీసి 'నై', తబెనై. సురు, షినై. కురు మాత్రం కొనై. ఒక్క చోట ఇరుక్కుంటారు, అది ముందే చెప్పేస్తాను. కౌ మాటకి 'కఅనై' రాదు, 'కవనై' అని వస్తుంది. ఉకారానికి ఎదురుగా పట్టికలో 'వ' రాయాలి.

హోస్ట్: ఇకు లాంటి మినహాయింపు ఇందులోనూ ఉందా?

అతిథి: ఇకుకి ఈసారి మామూలే, ఇకనై. మినహాయింపు 'అరు'కి. వస్తువు ఉందని చెప్పేటప్పుడు వాడే క్రియ. దాని నై రూపం ఒట్టి 'నై'. మీ ప్రోగ్రాం 'అరనై' అని చూపించిందంటే పట్టికని కదపొద్దు, ఇకు కోసం రాసిన మినహాయింపు లైన్‌లాంటిదే పైన ఇంకొకటి రాయండి.